దెబ్బ తగలకుండానే విరిగే క్లాంపులు: బండి ఫిట్టింగులు ఎలా అలసిపోతాయి?

కొత్తగా వేయించిన సైడ్ బాక్సు స్టాండు ఏడాది తిరక్కుండానే విరిగితే విశాఖలో దానికి మూడు రకాల వివరణలు దొరుకుతాయి. అమ్మిన షాపాయన "ఓవర్‌లోడ్ వేసుంటారు సార్" అంటాడు. కొన్నాయన "పల్చటి రేకు అంటగట్టారు" అంటాడు. అతుకు పెట్టే గాజువాక ఆటోనగర్ వెల్డరు ఆ ఇద్దర్నీ వదిలేసి రోడ్లను తిడతాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. అయితే ముగ్గురూ ఒకే ఊహ మీద నిలబడి మాట్లాడుతున్నారు: ఎక్కడో ఒకసారి తట్టుకోలేనంత భారం పడింది, అందుకే విరిగింది అని. లెగ్ గార్డు క్లాంపులు, ఫాగ్ లైటు పట్టీలు, అద్దం కాడలు, బ్యాక్ రెస్టులు, నంబర్ ప్లేట్లు ఇలా విరిగిన చాలా వాటి విషయంలో తప్పుదారి పట్టించేది ఆ ఊహే. వాటిని విరిచింది చిన్న చిన్న అదుర్లు, అవి కూడా లక్షల్లో, కోట్లలో. దీన్నే మెటల్ ఫెటీగ్ అంటారు. తెలుగులో లోహపు అలసట అనుకోవచ్చు.

వంగి విరగడం వేరు, వంగకుండా విరగడం వేరు

ముందు ఒక చిన్న లెక్క. లోహం మీద పడే బలాన్ని అది మోస్తున్న వైశాల్యంతో భాగిస్తే వచ్చేది ఒత్తిడి. చదరపు మిల్లీమీటరు మీద ఒక న్యూటన్ బలం, అంటే దాదాపు 100 గ్రాముల బరువు పడితే దాన్ని ఒక మెగాపాస్కల్ అంటారు. మన వెల్డింగ్ షాపుల్లో వాడే మామూలు మైల్డ్ స్టీలు సుమారు 250 మెగాపాస్కల్ దగ్గర శాశ్వతంగా వంగడం మొదలుపెడుతుంది. 400 దాటాక తెగుతుంది.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే మనకు ఆధారం. ఒక్క పెద్ద దెబ్బ తగిలితే స్టీలు ముందు వంగుతుంది, సాగుతుంది, ఆ తర్వాతే చీలుతుంది. స్టాండు జారి బండి పక్కకు పడినప్పుడు లెగ్ గార్డు సొట్ట పోతుందే తప్ప టప్పున రెండు ముక్కలు కాదు. అలసటతో విరిగినది అలా ఉండదు. రెండు ముక్కల్నీ దగ్గర పెట్టి చూస్తే ఎక్కడా వంపు కనబడదు, అంచుకు అంచు సరిగ్గా కుదురుతుంది. దాని మీద పడిన ఒత్తిడి 250ని ఏనాడూ చేరి ఉండకపోవచ్చు. 100 దగ్గరో, ఇంకా తక్కువ దగ్గరో ఆగిపోయి ఉండవచ్చు.

ఇనప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచితే తెగిపోతుందని చిన్నప్పుడే నేర్చుకుంటాం. అలసట గురించి చెప్పేవాళ్లంతా ఈ తీగ ఉదాహరణే ఇస్తారు. అర్థం కావడానికి పనికొస్తుంది గానీ కొంత తప్పుదారి కూడా పట్టిస్తుంది. తీగను మనం ప్రతిసారీ పూర్తిగా వంచేస్తున్నాం, అందుకే పదిసార్లకే తెగుతుంది. బండి మీద ఉన్న పట్టీ ఎప్పుడూ అలా వంగదు. వెంట్రుక మందమంత ఊగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. బయటికి ఏ మార్పూ ఉండదు. లోపల మాత్రం ఏదో ఒక బలహీనమైన చోట లోహపు రేణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జరిగి, కంటికి కనబడని పగులు పుడుతుంది. ప్రతి ఊపుకూ ఆ పగులు ఇంకాస్త ముందుకు జరుగుతుంది. మిగిలిన లోహం భారం మోయలేనంత సన్నబడిన రోజున, తక్కింది ఒక్కసారిగా తెగుతుంది. ఆ రోజు బండి మీద ఏ బరువూ లేకపోయినా సరే.

రైలు ఇరుసులు నేర్పిన పాఠం

ఈ సంగతి మనుషులకు తెలిసింది రైళ్ల వల్ల. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్‌కు తిరిగొస్తున్న రైలులో ఇంజన్ ఇరుసు విరిగి, బోగీలు ఒకదాని మీదకు ఒకటి ఎక్కి, నిప్పంటుకుని 50 మందికి పైగా చనిపోయారు. ఏళ్ల తరబడి బాగానే తిరిగిన ఇరుసు హఠాత్తుగా ఎందుకు విరగాలి? ఆ తర్వాతి దశాబ్దాల్లో జర్మన్ రైల్వే ఇంజినీరు ఆగస్ట్ వోలర్ ఇరుసు ముక్కల్ని యంత్రానికి బిగించి, వంచుతూ తిప్పుతూ, ఎంత ఒత్తిడికి ఎన్ని చుట్లు తిరిగి విరుగుతాయో ఓపిగ్గా రాసుకున్నాడు. ఒత్తిడి తగ్గించే కొద్దీ చుట్లు విపరీతంగా పెరుగుతాయని, స్టీలుకైతే ఒక హద్దు కంటే తక్కువ ఒత్తిడి దగ్గర అది ఎంతకాలమైనా విరగకుండా నిలుస్తుందని తేలింది. ఆ హద్దును ఎండ్యూరెన్స్ లిమిట్ అంటారు. నున్నగా పాలిష్ చేసిన స్టీలు ముక్కకు ఇది దాని తెగే బలంలో సుమారు సగం.

అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. ఒత్తిడి ఎంత చిన్నదైనా లెక్కలో పడుతూనే ఉంటుంది. తేలిగ్గా ఉంటుంది, తుప్పు పట్టదు అని మెచ్చుకునే అల్యూమినియం ఫిట్టింగుల గురించి షాపులో ఎవరూ చెప్పని విషయం ఇది. చెప్పకపోవడం మోసమనీ కాదు, చాలామంది అమ్మేవాళ్లకు కూడా ఇది తెలియదు.

వాల్తేరు రైల్వే ఊరు కాబట్టి ఒక మాట: రైలు ఇరుసుల్ని ఈనాటికీ అల్ట్రాసోనిక్ పరికరాలతో పరీక్షించి, లోపల పగులుందేమో చూస్తారు. పైకి బాగుంది కదా అని వదిలేయరు. బండి క్యారియర్‌కు అంత వైభోగం ఉండదు.

ఒక నెలలో ఎన్ని అదుర్లు?

మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగేవి సింగిల్ సిలిండర్ బళ్లు. పిస్టన్ పైకి వెళ్లి ఆగి కిందికి రావడంలో పుట్టే బలం, ఆ కదలికను తిప్పుడుగా మార్చే క్రాంక్ ఒక్క చుట్టు తిరిగినప్పుడల్లా ఇంజన్‌ను ఒకసారి కుదుపుతుంది. ఇంజన్ 3000 ఆర్‌పీఎం మీద, అంటే నిమిషానికి 3000 చుట్ల మీద ఉంటే నిమిషానికి 3000 కుదుపులు, సెకనుకు 50. గంటకు 1,80,000.

మధురవాడలో ఇల్లు, గాజువాకలో ఉద్యోగం అనుకుందాం. పాతిక కిలోమీటర్ల పైమాటే. హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ జంక్షన్ దాటుకుని పోవడానికి గంట, రావడానికి గంట. రోజుకు 3,60,000 కుదుపులు. 28 పనిదినాలకు కోటి దాటుతుంది. ప్రయోగశాలలో స్టీలు ముక్క ఎండ్యూరెన్స్ లిమిట్ తేల్చడానికి సాధారణంగా కోటి చుట్ల దాకా తిప్పి చూస్తారు. మామూలు ఉద్యోగి బండి ఆ పరీక్షను నెలా పదిరోజుల్లోపే ముగించేస్తుంది. ఇక అరకు ట్రిప్పు సంగతి. పోనూ రానూ దాదాపు 230 కిలోమీటర్లు, ఏడు గంటల ప్రయాణం. అనంతగిరి ఘాట్‌లో చిన్న గేర్ల మీద ఇంజన్ గట్టిగా తిరుగుతుంది కాబట్టి సగటున 4000 ఆర్‌పీఎం వేసుకుంటే 16,80,000. ఒక్క ఆదివారానికి.

అన్ని ఇంజన్లూ ఒకేలా కుదపవు. క్రాంక్‌కు ఎదురు తిరిగే బరువున్న బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంటే ఇందాక చెప్పిన పిస్టన్ కుదుపు చాలావరకు తగ్గిపోతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 350 సీసీ బళ్లే దీనికి మంచి ఉదాహరణ. 2020లో మీటియర్‌తో వచ్చిన కొత్త ఇంజన్‌లో బ్యాలెన్సర్ ఉంది, అంతకు ముందు తరం 350లో లేదు. అందుకే పాత బుల్లెట్‌కు కట్టి ఏడాదిలో విరగ్గొట్టుకున్న అదే డిజైన్ స్టాండు, కొత్త బండి మీద హాయిగా ఉండవచ్చు. "మా వాడి బండికి బాగానే ఉంది" అన్న సాక్ష్యం ఇంకో మోడల్ దగ్గర చెల్లదు.

సరిగ్గా ఒక స్పీడులోనే ఎందుకు టపటపలాడుతుంది

ప్రతి పట్టీకీ, దానికి బిగించిన బరువుకూ కలిపి ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. తట్టి వదిలేస్తే సెకనుకు అది ఎన్నిసార్లు ఊగుతుందో అది. ఇంజన్ కుదుపు సరిగ్గా ఆ లెక్కకు వచ్చిందా, ఊపు పది రెట్లు దాటడం కూడా మామూలే. దీన్నే రెజొనెన్స్ అంటారు. అద్దం 40 స్పీడులో బాగుండి, 55 దగ్గర వెనక లారీ రెండుగా కనబడి, 65 దగ్గర మళ్లీ సర్దుకోవడం వెనక ఉన్నది ఇదే.

అంకెల్లో చూస్తే ఇంకా తేటపడుతుంది. 3 ఎంఎం ఇనప పట్టీ కొసన అర కిలో ఫాగ్ లైటు బిగించారు. లైటు దగ్గర 5 కిలోల బలంతో నొక్కితే పట్టీ ఒక మిల్లీమీటరు వంగుతుందనుకుందాం. లెక్క కడితే దాని సహజ పౌనఃపున్యం సెకనుకు దాదాపు 50. ఇంజన్ భాషలో 3000 ఆర్‌పీఎం. అంటే ఊళ్లో రోజూ నడిపే వేగంలోనే ఈ లైటు ఊగిపోతుంది.

ఇప్పుడు "ఇంకాస్త మందం వేయించండి" అనే సలహాను ఈ అంకెల మీద పెట్టి చూద్దాం. పట్టీ బిరుసు దాని మందం ఘనంతో పెరుగుతుంది. 3 ఎంఎం బదులు 4 వేస్తే దాదాపు 2.4 రెట్లు బిరుసు. పౌనఃపున్యం పెరిగి 4600 ఆర్‌పీఎం దగ్గరకు జరుగుతుంది. ఊళ్లో 3000 మీద తిరిగేవారికి నిజంగానే పీడ వదిలినట్టే. హైవే మీద విజయనగరం వైపు రోజూ 4600 మీద పోయేవారు మాత్రం, లేని గొడవను డబ్బిచ్చి కొనుక్కున్నట్టు. ఒకే సలహా ఒకరికి మందు, ఇంకొకరికి రోగం. పోనీ పట్టీని అలాగే ఉంచి, లైటును మార్చి కిలో బరువున్నది పెడితే? 2100కు దిగుతుంది, అంటే ట్రాఫిక్‌లో మెల్లగా కదిలేటప్పుడు ఊగుతుంది.

మొబైల్ హోల్డర్ కథ కూడా ఇక్కడిదే, అయితే అక్కడ విరిగేది హోల్డర్ ఒక్కటే కాదు. ఫోన్ కెమెరాలో చేతి వణుకును సరిదిద్దడానికి కదిలే చిన్న లెన్సు అమరిక ఉంటుంది. శక్తిమంతమైన మోటార్‌సైకిల్ ఇంజన్ల అదురు హ్యాండిల్ ద్వారా చేరితే ఆ అమరిక దెబ్బతినవచ్చని యాపిల్ సంస్థే 2021లో తన వినియోగదారులకు చెప్పింది. హోల్డర్‌లో రబ్బరు దిమ్మలున్న డ్యాంపర్లు అమ్మడం దాని తర్వాత బాగా ఊపందుకుంది.

పగులు ఎప్పుడూ అక్కడే ఎందుకు పుడుతుంది

విరిగిన పట్టీల్ని వరసగా పెట్టి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నట్టనడుమ విరిగినవి దాదాపు ఉండవు. బోల్టు రంధ్రం పక్కన, వెల్డింగ్ అంచున, సుత్తితో కొట్టి మడత పెట్టిన మూలలో, బోల్టు మరల గాడిలో, ఈ నాలుగు చోట్లే.

రంధ్రం సంగతి 1898లోనే కిర్ష్ అనే జర్మన్ ఇంజినీరు లెక్కకట్టి చూపించాడు. వెడల్పాటి రేకును లాగినప్పుడు గుండ్రటి రంధ్రం అంచున ఒత్తిడి మిగతా రేకులో ఉన్నదానికి మూడు రెట్లు. రేకంతా 60 మెగాపాస్కల్ దగ్గర నిశ్చింతగా ఉన్నా ఆ అంచు 180 మోస్తుంటుంది. అది కూడా డ్రిల్లుతో నున్నగా వేసిన గుండ్రటి రంధ్రానికి. గ్యాస్ కట్టర్‌తో ఊది చేసిన రంధ్రానికీ, ఫైలుతో కోలగా సాగదీసినదానికీ అంచున ఉండే ప్రతి గీతా ఇంకో మెట్టు పెంచుతుంది.

వెల్డింగ్ దగ్గర ఇంకా చిక్కు. కరిగి చల్లారే లోహం కుంచించుకుపోతుంది, కాబట్టి ఏ బరువూ వేయకముందే అతుకు చుట్టూ లాగుడు ఒత్తిడి ఇరుక్కుని ఉంటుంది. దానికి తోడు అతుకు అంచున, పట్టీలోకి కలిసే చోట, చిన్న గాడి పడుతుంది. ఈ రెండింటి వల్ల వెల్డింగ్ ఉన్న భాగానికి అలసట ఆయుష్షు చాలా పడిపోతుంది. చాలామందికి నమ్మబుద్ధి కాని విషయం ఒకటుంది: ఖరీదైన హై టెన్సైల్ స్టీలు వాడినా వెల్డింగ్ చేసిన చోట అలసట బలం పెద్దగా పెరగదు. రెట్టింపు బలమున్న స్టీలుకు రెట్టింపు డబ్బిచ్చినా, అతుకు అంచు దగ్గర అదీ మైల్డ్ స్టీలూ ఇంచుమించు ఒకటే.

విరిగిన ముఖాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఒక క్యారియర్ పట్టీ ముక్కను ఎండలోకి పట్టుకుని తిప్పితే, ఒక పక్క నున్నగా, గోధుమ రంగులో, తుప్పు మరకలతో ఉంటుంది. పరీక్షగా చూస్తే రంధ్రం అంచు నుంచో అతుకు అంచు నుంచో మొదలై, ఆటుపోట్లు ఇసుక మీద వదిలిన గీతల్లా వంపు తిరిగిన రేఖలు కనబడతాయి. ఇంగ్లీషులోనూ వీటిని బీచ్ మార్కులనే అంటారు. పగులు ఆగి ఆగి నడిచిన జాడలవి. రెండో పక్క బూడిద రంగులో మెరుస్తూ, గరుగ్గా, చేత్తో తడిమితే గుచ్చుకునేలా ఉంటుంది. అది చివరి రోజున తెగిన భాగం. నున్నటి భాగం ముప్పాతిక వంతు ఉండి, గరుకు భాగం ఓ మూలకే ఉంటే అసలు భారం తక్కువని, అదుర్ల సంఖ్యే దాన్ని తినేసిందని అర్థం. గరుకు భాగమే ఎక్కువుంటే షాపాయన ఓవర్‌లోడ్ మాటలో బలముంది. పోట్లాడుకునేవాళ్ల దగ్గర ఇంత మంచి సాక్ష్యం చేతిలోనే ఉంటుంది. సాధారణంగా వెల్డరు మొదట చేసే పని గ్రైండరుతో దాన్ని చెక్కేయడం.

బరువు, రోడ్డు, ఇంజన్: ఎవరి వాటా ఎంత

అలసటను కూడికగా లెక్కేసే పద్ధతి ఒకటుంది. స్వీడన్‌కు చెందిన పామ్‌గ్రెన్ 1924లో, అమెరికాకు చెందిన మైనర్ 1945లో చెప్పినది. ఒక రకం ఊపుకు పట్టీ లక్షసార్లు ఓర్చుకోగలిగితే, ప్రతి ఊపూ దాని ఆయుష్షులో లక్షో వంతు తింటుంది. రకరకాల ఊపులు తిన్న వాటాలన్నీ కలిపి ఒకటి అయితే ఆయుష్షు తీరినట్టు. నిజజీవితంలో కచ్చితంగా ఇలాగే జరగదు గానీ, వాటాలు అర్థం కావడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

మన మధురవాడ ఉద్యోగి సైడ్ బాక్సు స్టాండునే తీసుకుందాం. ఇవి ఊహించి వేసుకున్న అంకెలు. రెజొనెన్స్ దగ్గర ఇంజన్ ఊపుకు స్టాండు రెండు కోట్లసార్లు, గోతిలో పడ్డప్పటి దెబ్బకు లక్షసార్లు ఓర్చుకుంటుంది. రోజుకు 3,60,000 ఇంజన్ కుదుపుల్లో పదోవంతే ఆ రెజొనెన్స్ వేగంలో వస్తాయి, అంటే 36,000. గోతులూ స్పీడ్ బ్రేకర్లూ కలిపి రోజుకు 300. ఇంజన్ రోజూ తినేది 0.0018. రోడ్డు తినేది 0.003. మొత్తం 0.0048. అంటే 208 రోజులకు స్టాండు విరుగుతుంది. గోతులే లేకపోతే 555 రోజులు వచ్చేది. ఇంజన్ అదురే లేకపోతే 333 రోజులు వచ్చేది.

ఇప్పుడు బాక్సులో సామాను పెరిగి, గోతిలో పడ్డప్పటి ఒత్తిడి పాతిక శాతం పెరిగిందనుకుందాం. పాతికే కదా అనిపిస్తుంది. వెల్డింగ్ అతుకుల ఆయుష్షు ఒత్తిడి ఘనానికి విలోమంగా పడిపోతుంది. ఒత్తిడి 1.26 రెట్లయితే ఆయుష్షు సగం. లక్ష దెబ్బలు ఓర్చుకునేది ఇక 50,000కే చేతులెత్తేస్తుంది. రోడ్డు వాటా 0.006కు పెరిగి, 208 రోజులు కాస్తా 128కి దిగాయి. కొన్నాయన వేసిన బరువు, అమ్మినాయన వాడిన పట్టీ, వెల్డరు తిట్టిన రోడ్డు, ముగ్గురూ ఒకే లెక్కలో తలా ఒక గడిలో ఉన్నారు.

ఘనం లెక్క మనకు అనుకూలంగా కూడా పనిచేస్తుంది. వెనక టాప్ బాక్సు, సామానుతో కలిపి 8 కిలోలు, ఆధారానికి 25 సెంటీమీటర్ల వెనక ఉందనుకోండి. దాన్ని 10 సెంటీమీటర్లు ముందుకు జరిపితే వంచే బలం 40 శాతం తగ్గుతుంది. అతుకు ఆయుష్షు దాదాపు నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. ఒక్క రూపాయి ఇనుము కలపకుండానే.

నట్టు వదులైతే పట్టీ విరిగిందా, పట్టీ విరిగితే నట్టు వదులైందా

పది నంబర్ స్పానర్ పట్టే 6 ఎంఎం బోల్టును 10 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలంతో బిగిస్తే, మామూలు రాపిడి దగ్గర అది రెండు రేకుల్నీ దాదాపు 800 కిలోల బలంతో నొక్కి పట్టుకుంటుంది. చిన్న బోల్టుకు ఇంత బలమా అనిపించవచ్చు. ఆ నొక్కుడు ఉన్నంతసేపూ రేకుల మధ్య రాపిడే భారం మోస్తుంది, ఊపు బోల్టు దాకా చేరేది చాలా తక్కువ. నొక్కుడు తగ్గిన మరుక్షణం రేకులు ఒకదాని మీద ఒకటి జారతాయి, బోల్టు మెడ మీద ప్రతి కుదుపూ నేరుగా పడుతుంది. అందుకే బోల్టు విరిగిందంటే అది నాసిరకమని తేల్చేయడానికి లేదు. చాలాసార్లు అది వదులుగా ఉండి విరుగుతుంది.

వదులవడానికి కారణం ఏమిటన్నది 1969లో జర్మన్ ఇంజినీరు యుంకర్ పరీక్షించి చూపించాడు. బోల్టును నిలువునా లాగే అదురు కంటే, అడ్డంగా జరిపే అదురే నట్టును తిప్పి వదులు చేస్తుంది. ఆ తరహా పరీక్షల్లో మనం అలవాటుగా వేసే స్ప్రింగ్ వాషరు దాదాపు ఏ సాయమూ చేయదు. నైలాన్ రింగున్న నట్టు, మరలకు పూసే లాకింగ్ జిగురు మెరుగ్గా నిలుస్తాయి. అయినా స్ప్రింగ్ వాషరును సమర్థించే మెకానిక్కులు ఉన్నారు, వాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. మందపాటి పెయింటు మీద బిగించిన బోల్టు, పెయింటు అణిగే కొద్దీ కొంత పట్టు కోల్పోతుంది. అక్కడ వాషరు ఆ కొంచెం ఖాళీని పూడ్చి, నట్టు పూర్తిగా రాలిపోకుండా కాసేపు కాస్తుంది. పట్టు నిలుపుతుందా అంటే లేదు. నట్టు పోకుండా ఆపుతుందా అంటే కొన్నిసార్లు అవును.

రబ్బరు పెట్టాలా, గట్టిగా బిగించాలా

బండి ఫిట్టింగుల మీద జరిగే వాదాల్లో ఇదే పాతది. రబ్బరు బుష్ వేస్తే అదురు తగ్గుతుందని ఒక పక్షం. రబ్బరు వల్లే ఊగుతుంది, ఇనుముకు ఇనుము బిగించాలని రెండో పక్షం. ఇద్దరూ తమ కళ్లతో చూసిందే చెబుతున్నారు.

రబ్బరు మీద కూర్చున్న బరువుకు కూడా ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. ఇంజన్ కుదుపు దానికి 1.4 రెట్లు దాటిన తర్వాతే రబ్బరు అదురును తగ్గించడం మొదలుపెడుతుంది. అంతకంటే కింద రబ్బరు అదురును పెంచుతుంది. మెత్తటి రబ్బరు మీద సెకనుకు 20 దగ్గర ఊగే లైటుకు, ఇంజన్ సెకనుకు 28 కుదుపులు దాటాక, అంటే 1700 ఆర్‌పీఎం పైన, నిజంగా ఉపశమనం. ఐడిల్‌లో నిలబెడితే మాత్రం గజగజలాడుతుంది. గట్టి రబ్బరు వేసి అదే 50కి తెస్తే, 4200 దాకా అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. పేరుకు రెండూ రబ్బరే. పైగా బోల్టు తల కింద వట్టి రబ్బరు వాషరు వేసి బిగిస్తే ఇందాకటి 800 కిలోల పట్టు మాట మర్చిపోవచ్చు. కంపెనీ ఫిట్టింగుల్లో రబ్బరు నడుమ ఇనప బుష్ ఉండేది అందుకే. బోల్టు ఇనుమును పట్టుకుంటుంది, రబ్బరు తన పని తాను చేసుకుంటుంది.

ఉప్పు గాలి చేసే పని

ఇంతవరకు చెప్పింది హైదరాబాద్ బండికైనా వర్తిస్తుంది. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా తీరం వెంబడి తిరిగే బండికి, ఫిషింగ్ హార్బర్ పరిసరాల్లో నిలిపి ఉంచే బండికి ఇంకొకటి కలుస్తుంది. స్టీలుకు ఎండ్యూరెన్స్ లిమిట్ ఉందని చెప్పుకున్నాం కదా, అది పొడి గాలిలో మాట. ఉప్పు తేమలో ఆ హద్దు కరిగిపోతుంది. తుప్పు గుంతలు కొత్త పగుళ్లకు పుట్టుచోట్లవుతాయి. పుట్టిన పగులు ప్రతి ఊపుకూ తెరుచుకుని ఉప్పు నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఒత్తిడి ఎంత తక్కువున్నా ఇక స్టీలు కూడా అల్యూమినియం లాగే రోజులు లెక్కపెట్టుకోవాల్సిందే.

లెగ్ గార్డు గొట్టాల్లో ఇది కనబడకుండా జరుగుతుంది. పైన క్రోమ్ తళతళ, లోపల ఖాళీ గొట్టం. వెల్డింగ్ దగ్గర వదిలిన సన్న రంధ్రం గుండా వాన నీళ్లు పోయి కింది వంపులో నిలుస్తాయి. ఎవరూ తుడవని చోటు. పై నుంచి కాకుండా లోపలి గోడ నుంచి పగులు మొదలై బయటికి వచ్చే గార్డులు ఇలాంటివే. బయట క్రోమ్ మీద వెంట్రుకలాంటి గీత కనబడేసరికి అప్పటికే చాలా దూరం నడిచి ఉంటుంది.

నంబర్ ప్లేటు ఇంకో రకం. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు తప్పనిసరైన హై సెక్యూరిటీ ప్లేటు ఒక మిల్లీమీటరు మందం అల్యూమినియం. తాళాల్లా పడే స్నాప్ లాకులతో బిగిస్తారు. వెనక ఆసరా పలక లేకుండా పై అంచున రెండు చోట్లే పట్టుకుని ఉంటే, కింది అంచు గాలికీ అదురుకూ రెపరెపలాడుతుంది, రంధ్రాల దగ్గర చీలుతుంది. అల్యూమినియం, రంధ్రం, ఊపు, మూడూ ఒక్క చోట చేరాయి. ఇక్కడ ప్లేటు నాణ్యత కంటే దాని వెనక ఫ్రేము ఉందా లేదా అన్నదే తేడా తెస్తుంది.

కంపెనీదా, లోకల్‌దా, అతుకు పెట్టించాలా, మార్చాలా

కంపెనీ ఫిట్టింగు పక్షాన ఉన్న బలమైన వాదన, దాన్ని అదురు యంత్రం మీద పరీక్షించి ఉంటారన్నది. ఏ ఆర్‌పీఎం దగ్గర ఊగుతుందో కొలిచి ఉంటారు. ఆ పరీక్ష మాత్రం ఒక నిర్ణీత బరువుకు, ఆ ఒక్క మోడల్‌కు చేసింది. క్యారియర్ మీద రాసి ఉండే కిలోల పరిమితి అదే, దాటితే పరీక్షకు విలువ లేదు. లోకల్ వెల్డరుకు యంత్రం లేదు గానీ, పదేళ్లుగా తన దగ్గరికి తిరిగొచ్చిన విరిగిన ముక్కలున్నాయి. ఏ బండికి ఏ మూల విరుగుతుందో చూసి చూసి, అక్కడ అడ్డ పట్టీ వేయడం నేర్చుకున్నవాడి పనితనం తక్కువదేమీ కాదు. నా మటుకు నాకు, రెండు చివర్లా ఆధారమున్న లోకల్ స్టాండు, ఒకే చివర వేలాడే ఖరీదైన స్టాండు కంటే మెరుగ్గా కనబడుతుంది.

అతుకు విషయం మాత్రం అంత సులువుగా తేలదు. పగులు మీద వరసగా వెల్డింగ్ పోస్తే పైకి మూసుకుంటుంది. పగులును అడుగుదాకా చెక్కి తీయకపోతే అది లోపల అలాగే ఉంటుంది. పూర్తిగా తీసి మంచి అతుకు పెట్టినా, కొత్త అతుకుకు కొత్త అంచు ఉంటుంది, కొత్త లాగుడు ఒత్తిడి ఉంటుంది. రెండోసారి పాత అతుకుకు వేలెడు దూరంలో విరిగే పట్టీలు అందుకే అంత ఎక్కువ. "నా అతుకు నిలిచింది, పక్కన విరిగింది" అని వెల్డరు అనడం నిజమే, కాకపోతే పక్కన విరగడానికి కారణాల్లో ఆ అతుకూ ఒకటి. అల్యూమినియం, జింక్ పోత భాగాల దగ్గర అతుకు మాట మర్చిపోవడమే మేలని చాలామంది వెల్డర్లే చెబుతారు. చవక పోత ముక్కల్లో లోపల బుడగలుంటాయి, ఒక్కో బుడగా ఒక తయారు పగులు.

స్టాండునో క్యారియర్‌నో నేరుగా చాసిస్ గొట్టానికే వెల్డింగ్ చేసేయడం ఇంకొక పద్ధతి. బోల్టులు వదులయ్యే బాధ ఉండదు కాబట్టి గట్టిదనిపిస్తుంది. కానీ అప్పటిదాకా అతుకు లేని చోట చాసిస్‌కు ఒక వెల్డింగ్ అంచు పుట్టింది, దాని పక్కన బాక్సు బరువు ఊగుతోంది. బోల్టు ఫిట్టింగులో పగులు పట్టీకి పరిమితం. ఇక్కడ పగులుకు గొట్టంలోకి దారి ఏర్పడింది. బండి మీదే వెల్డింగ్ పెట్టేటప్పుడు కరెంటు తిరిగే దారి ఇంకో చిక్కు. ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో వచ్చే బీఎస్6 బళ్లలో ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ ఆ కరెంటుకు పాడయ్యే ప్రమాదముంది. అనుభవమున్న వెల్డర్లు భాగాన్ని విప్పి తెస్తేనే అతుకు పెడతామనేది, కుదరకపోతే ముందు బ్యాటరీ వైర్లు తీసి, ఎర్త్ క్లిప్పును అతుకు పక్కనే తగిలించేది ఈ భయంతోనే.